సన్‌షేడ్ కింద గూడు: వదిలేయాలా, మనమే తీయాలా, ఎవరినైనా పిలవాలా?

ఇంటి గోడ మీదో సన్‌షేడ్ కిందో ఈగల గూడు కనబడగానే చాలామంది ముందు హిట్ డబ్బా వెతుకుతారు. లేదంటే వాచ్‌మన్‌ని కేకేసి కర్ర తెమ్మంటారు. ఆ రెండూ చేసేలోపు ఒక్క ఐదు నిమిషాలు దూరంగా నిలబడి ఆ గూడు ఎవరిదో చూడండి. మన ఇళ్ల చుట్టూ కట్టే గూళ్లలో కొన్నింటిని అసలు ముట్టుకోనక్కర్లేదు. కొన్నింటిని సబ్బునీళ్లు, చీపురుకట్టతో తీసేయొచ్చు. రెండు రకాల జోలికి మాత్రం ఎంత ధైర్యం ఉన్నవాళ్లయినా సొంతంగా వెళ్లకూడదు. మనం భయపడేది ఒకదానికి, ప్రమాదం ఉండేది ఇంకొకదానితో. మీటర్ బోర్డు పక్కన మట్టిగూడు చూసి హడలిపోయే మనిషే, బాల్కనీ కింద మీటరు వెడల్పున వేలాడే తేనెపట్టు మీదికి పొడవాటి కర్ర పట్టుకుని వెళ్తుంటాడు.

గూడు దేనితో కట్టిందో చూడండి

ఈగను పోల్చుకోవాలంటే దగ్గరికి వెళ్లాలి. గూడునైతే దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి ఒక ఫోటో తీయండి. అది మట్టా, బూడిదరంగు కాగితం లాంటిదా, మైనమా, లేక కర్రలో తొలిచిన రంధ్రమా అన్నది తేలితే సగం పని అయినట్టే.

మట్టి అయితే అది కుమ్మరి పురుగు పని. తడిమట్టి ఉండలు ఒక్కొక్కటే మోసుకొచ్చి తలుపు మూలల్లో, ఫోటో ఫ్రేముల వెనకాల, కర్టెన్ మడతల్లో, చాలాకాలం వాడని తాళం రంధ్రంలో కూడా కట్టేస్తుంది. లోపల గుడ్డు పెట్టి, పుట్టబోయే పిల్లకి తిండిగా సాలీళ్లనో గొంగళి పురుగులనో కుట్టి, కదలకుండా చేసి, కుక్కి మూత పెడుతుంది. గూడు విప్పితే సాలీళ్లు కాళ్లు ముడుచుకుని ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పెద్దలు చెప్పే భ్రమరకీటక న్యాయం ఈ గూటి గురించే. లోపలికి పోయిన పురుగే భ్రమరమై బయటికొచ్చిందని అనుకున్నారు. నిజానికి లోపలికి పోయింది తిండి, బయటికొచ్చింది ఆ తిండి తిని పెరిగిన పిల్ల.

కుమ్మరి పురుగు ఒంటరిది. గూటికి కాపలా కాసే గుంపు ఉండదు, గూడు తీసినా మీద పడదు. గోడ మీద ఉంటే వదిలేయండి. సాకెట్‌లోనో, ఏసీ నీళ్లు పోయే పైపులోనో, గీజర్ దగ్గరో కడితే మాత్రం మెయిన్ ఆఫ్ చేసి గీకేయండి. గూటికి చిన్న గుండ్రటి రంధ్రం ఉందంటే లోపలిది ఎగిరిపోయినట్టే, అది ఖాళీ గూడు.

దూలంలోనో వెదురులోనో పాత తలుపు చట్రంలోనో వేలు పట్టేంత నున్నటి రంధ్రం, దాని కింద రంపపు పొట్టు ఉంటే తుమ్మెద తొలిచిందన్నమాట. మొహం మీదికి వచ్చి ఝుమ్మని భయపెట్టేది సాధారణంగా మగది, దానికి ముల్లు లేదు. ఆడది చేతిలో చిక్కితే తప్ప కుట్టదు. రంధ్రం ఖాళీ అయ్యాక పుట్టీ పెట్టి, కర్రకి పెయింట్ కొట్టండి. పెయింట్ ఉన్న కర్ర తుమ్మెదకి నచ్చదు. దీని కోసం మందు కొట్టించడం డబ్బు దండగ.

కందిరీగలు: ఇక్కడే నిజంగా ఆలోచించాలి

సన్నటి కాడకి వేలాడుతూ, గదులు కిందికి తెరుచుకుని కనబడే బూడిదరంగు గూడు కందిరీగది. కర్రపొట్టు నమిలి ఉమ్మితో కలిపి చేసిన కాగితమది. కిటికీ గ్రిల్లు, ఏసీ బయటి యూనిట్, స్కూటర్ షెడ్డు, గేటు పైభాగం, పొలంలో మోటారు స్టార్టర్ డబ్బా, ఇవన్నీ వాటికి ఇష్టమైన చోట్లు.

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో "చలికాలం దాకా ఆగండి, అవే పోతాయి" అని చెబుతుంటారు. వాళ్ల దగ్గర అది నిజం. అక్కడ ఎల్లో జాకెట్లనే కందిరీగల గూడు మంచు పడగానే అంతమైపోతుంది, కొత్త రాణులు మాత్రం ఎక్కడో దాక్కుని బతుకుతాయి, పాత గూటికి మళ్లీ రావు. విజయవాడలో, కరీంనగర్‌లో అంత చలి ఎక్కడుంది? దక్షిణాదిలో బాగా కనిపించే ఎర్రగోధుమ రంగు కందిరీగ, రోపాలిడియా మార్జినేటా, ఏడాది పొడవునా గూడు నడుపుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో శాస్త్రవేత్త రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు ఈ కందిరీగనే పరిశోధించారు. ఒక రాణి పోతే అదే గూట్లోంచి ఇంకొకటి రాణి అవుతుంది, గూడు ఆగదు. కాబట్టి ఇక్కడ "అవే పోతాయి" అని కూర్చుంటే, ఈ నెల గుప్పెడంత ఉన్న గూడు ఇంకో నాలుగు నెలలకి అరచేయి దాటుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. అక్కడి షాపుల్లో ఇరవై అడుగుల దూరం ధారగా కొట్టే కందిరీగల స్ప్రేలు దొరుకుతాయి. మన కాలా హిట్ దోమలకీ ఈగలకీ చేసింది, పొగలా చిమ్ముతుంది. అది బాగా తగలాలంటే గూటికి రెండు మూడు అడుగుల దూరంలోకి వెళ్లాలి, అంటే కందిరీగల ముక్కు కిందికి. పైగా దాంట్లో మండే వాయువు ఉంటుంది. వంటింటి కిటికీ దగ్గర, వెలిగే దీపం దగ్గర, ఎవరో కాగడా పట్టుకున్న చోట ఆ డబ్బా నొక్కడం కందిరీగ కంటే పెద్ద ప్రమాదం.

మరి ఏం చేయాలి? నేనైతే రెండే చూస్తాను: మనిషి రాకపోకలకి అది ఎంత దగ్గర, గూటి మీద ఎన్ని ఉన్నాయి. కాంపౌండ్ గోడ చివర జామచెట్టులో ఉంటే వదిలేస్తాను. అవి కూరగాయల మొక్కల మీది గొంగళి పురుగుల్ని ఏరుకుపోయి పిల్లలకి పెడతాయి, పెరటి తోటకి అంతకంటే మేలు చేసేవాళ్లు లేరు. తలుపు దగ్గరో, పిల్లలు ఆడేచోటో, రోజూ చేయి పెట్టే గేటు గొళ్లెం దగ్గరో ఉంటే తీసేయాల్సిందే. ఒకటి రెండు కందిరీగలే ఉన్న కొత్త గూడయితే పొడవాటి చీపురుతో కాడ దగ్గర కోసేస్తే సరి. అవి ఒకటి రెండు రోజులు అక్కడే తిరిగి వెళ్లిపోతాయి.

అర డజను దాటి, గుప్పెడు దాకా ఉంటే సబ్బునీళ్లు మంచి దారి. లీటరు నీళ్లలో రెండు చెంచాలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మొక్కలకి మందు కొట్టే చేతిపంపులో పోయండి. ధార సన్నగా దూరం పడేట్టు మూతి తిప్పుకోండి. సబ్బునీళ్లకి రెక్కలు తడిసిపోతాయి, ఊపిరి తీసుకునే రంధ్రాలు మూసుకుపోతాయి. ఎగరలేక కింద పడతాయి. చీకటి పడ్డాక గానీ, తెల్లవారకముందు గానీ చేయండి. అప్పుడన్నీ గూటి మీదే ఉంటాయి, చురుకు తక్కువ. టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టండి, ఎరుపు వాటికి సరిగా కనబడదు. టార్చి చేత్తో పట్టుకోకుండా పక్కన గోడ మీద పెడితే ఇంకా మంచిది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, జీన్స్ ప్యాంటు, బూట్లు, తలకీ మెడకీ తువ్వాలు, కళ్లద్దాలు ఉండాలి. గూటికి సరిగ్గా కింద నిలబడొద్దు. నిచ్చెన ఎక్కి మాత్రం ఈ పని చేయొద్దు. ఒక్కటి కుట్టినా చేయి వదిలేస్తాం, ఆ పడిపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. నేల మీద నిలబడితే అందని గూడు మనది కాదనుకోండి.

కరెంటు ఉన్నచోట సబ్బునీళ్లు వద్దు. పొలంలో స్టార్టర్ డబ్బా తెరిచేముందు కర్రతో తట్టి, పక్కకి తప్పుకుని ఒక్క నిమిషం చూడటం చాలామంది రైతులకి అలవాటే. గూడు లోపల ఉందని తేలితే ఫీజులు తీసి, పొడి కర్రతో గూడు రాల్చి, తలుపు అంచున ఖాళీల్ని రబ్బరు పట్టీతో మూసేయండి. లేకపోతే అవి మళ్లీ అక్కడికే వస్తాయి.

ఇక పెద్ద కందిరీగ సంగతి వేరు. అంగుళం వరకూ పొడవుండే ఒళ్లు, నల్లగానో ముదురు ఎరుపుగానో ఉండి, నడుము దిగువన పసుపు లేదా నారింజ పట్టీ. వీటి గూడు చాలాసార్లు కనబడదు. గోడ పగులులో, ఇంటికప్పు సందులో, చెట్టుతొర్రలో ఉంటుంది. బయట కడితే చుట్టూ కాగితపు పొరతో మూసిన ఉండలా ఉంటుంది. ఒక్క రంధ్రంలోంచి పెద్దపెద్దవి ఆగకుండా వచ్చిపోతుంటే, ఆ రంధ్రాన్ని సిమెంటుతో మూసేద్దామని అస్సలు అనుకోకండి. అవి అవతలి వైపు దారి కొరుక్కుని గదిలోకి వస్తాయి. ఇది సొంతంగా ముట్టుకోకూడని మొదటి గూడు. పెస్ట్ కంట్రోల్ వాళ్లు రక్షణ దుస్తులతో వచ్చి రంధ్రంలోకి పొడిమందు కొట్టాలి. మొత్తం చచ్చాయని తేలాకే రంధ్రం మూయాలి.

తేనెటీగల్లో నాలుగు రకాలు, మూడు సలహాలు

కరివేపాకు కొమ్మకో నిమ్మచెట్టుకో గోరింటాకు పొదలోనో అరచేయంత పట్టు, దాని మీద సన్నటి చిన్న ఈగలు ఉంటే అవి చిన్న తేనెటీగలు. మనం కదిలిస్తే తప్ప కుట్టవు. వదిలేయండి, కాపు కూడా బాగుంటుంది. ఇంకా చిన్నగా నల్లగా, గోడ సందులోంచి మైనపు గొట్టం పెట్టుకుని వచ్చిపోతుంటే అవి అసలు కుట్టని రకం. వాటికి పనిచేసే ముల్లు లేదు. దయచేసి ఆ గొట్టానికి మందు కొట్టకండి.

తొర్ర తేనెటీగలు మీటర్ బాక్సులో, అటకలో, పాత కుండలో, గోడ బోలులో వరుసగా పట్టులు పెడతాయి. వీటిని పెట్టెల్లో కూడా పెంచుతారు. కాబట్టి వీటికి పెస్ట్ కంట్రోల్ కంటే తేనెటీగల పెంపకందారే సరైన మనిషి. మీ మండల ఉద్యానశాఖ అధికారినో కృషి విజ్ఞాన కేంద్రాన్నో అడిగితే దగ్గర్లో ఎవరు పెంచుతున్నారో తెలుస్తుంది. రాణితో సహా పెట్టెలోకి మార్చుకుపోతే వాళ్లకీ లాభం, ఈగలూ బతుకుతాయి. గోడలోనే చంపేస్తే లోపల మిగిలిన తేనె కారి, మైనానికి చీమలు, పురుగులు పట్టి నెలల తరబడి వాసన కొడుతుంది.

చివరిది పెద్ద తేనెటీగ. సొంతంగా ముట్టుకోకూడని రెండో గూడు ఇదే. అపార్ట్‌మెంట్ సన్‌షేడ్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగులు, గుడి గోపురాలు, యూకలిప్టస్ చెట్లు వీటి చోట్లు. ఒకే ఒక్క పట్టు, తెరిచి ఉంటుంది, మీటరు దాకా వెడల్పు పెరుగుతుంది. పట్టు మీద ఈగలు తెరలా పరుచుకుని ఉంటాయి. పెద్ద కందిరీగ లాంటి శత్రువు దగ్గరికొస్తే ఆ తెర మీద అలలా ఒక వణుకు పాకుతుంది. ఆ అల కనబడితే కాపలా లేచిందని అర్థం. అప్పుడు అక్కడ నిలబడకండి.

ఇవి వలస వస్తాయి. మన దగ్గర చాలాచోట్ల వానలు తగ్గి పూతలు మొదలయ్యాక వస్తాయి, ఎండలు ముదిరి పూత అయిపోయేసరికి పట్టు వదిలేసి పోతాయి. మళ్లీ ఏడు అదే చోటికి రావడం వీటి అలవాటు. అందుకే ఈ పట్టు విషయంలో "వదిలేయడం" నిజంగానే ఒక దారి. మనుషులు తిరగని వైపు, ఆరో అంతస్తు పైన, కింద స్కూలు బస్సు ఆగని చోట ఉంటే, ఆ సీజన్ అయ్యేదాకా కిటికీలకి దోమల మెష్ బిగించి, రాత్రి ఆ వైపు లైట్లు ఆర్పి ఉండటమే తక్కువ ప్రమాదం. లైటుకి ఇవి రాత్రిపూట కూడా వస్తాయి. దాని కింద టపాసులు, హోమం పొగ, బ్యాండుమేళం, ఒంట్లో ఘాటైన సెంటు, రాళ్లు విసిరే పిల్లలు, ఇవేవీ ఉండకుండా చూసుకోవాలి. పట్టు లేకుండా గుంపు మాత్రమే ముద్దగా వాలితే రెండు మూడు రోజులు ఆగండి. చాలాసార్లు దారిలో సేదతీరి వెళ్లిపోతాయి.

తీయించాల్సిందే అనుకుంటే ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి: తేనె తీసేవాళ్లు, లేదా పెస్ట్ కంట్రోల్.

తేనె తీసేవాళ్లకి ఈగ మనస్తత్వం తెలుసు. నల్లమలలో చెంచులు కొండచరియల మీంచి తాళ్లతో దిగి తీసే తేనె ఈ ఈగలదే. ఆ నైపుణ్యం ఉన్నవాళ్లు పచ్చి ఆకుల పొగతో ఈగల్ని పక్కకి తోలి పట్టు కోస్తారు. కొందరు తేనె తీసుకుని డబ్బు అడగరు, కొందరు సగం తేనె ఇచ్చి కూలి తీసుకుంటారు. ఖర్చు తక్కువ, ఈగలు ఎక్కువ భాగం బతుకుతాయి. కానీ పొగ కాకుండా కాగడా మంట పెట్టేవాళ్లూ ఉన్నారు, అపార్ట్‌మెంట్‌లో దానికి ఒప్పుకోవద్దు. ఇంకా ముఖ్యం, నడుముకి తాడు లేకుండా ఐదో అంతస్తు పిట్టగోడ మీంచి వంగడానికి వాళ్లు సిద్ధపడతారు. మనం సిద్ధపడకూడదు. మన బాల్కనీ కోసం ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టడం తప్పు. కాబట్టి రెండంతస్తుల లోపు, చెట్టు మీద, పక్కా మెట్ల మీంచి అందే చోటయితే వీళ్లే నయం.

అంతకంటే ఎత్తయితే, హార్నెస్ తాళ్లు, రక్షణ దుస్తులు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లనే పిలవండి. ఖర్చు ఎక్కువ, ఈగలు చాలావరకు చచ్చిపోతాయి. అయినా మనిషి క్షేమంగా దిగుతాడు. ఫోన్లోనే అడగాల్సినవి అడగండి: ఏ మందు కొడతారు, పట్టును కూడా దించుతారా లేక మందు కొట్టి వెళ్తారా, ఈగలు మళ్లీ వాలితే ఉచితంగా వస్తారా. పట్టు దించకుండా వెళ్తే మైనం వాసనకి ఇంకో గుంపు వస్తుంది. ఎవరిని పిలిచినా ముందురోజే అన్ని ఫ్లాట్ల వాళ్లకీ చెప్పి, ఆ రాత్రి కిటికీలు మూయించి, లైట్లన్నీ ఆర్పించండి. ఒక్క ఫ్లాట్‌లో లైటు వెలుగుతున్నా, చెదిరిన ఈగలన్నీ ఆ కిటికీకే పోతాయి.

ఇంకో మాట. ఆ పట్టు మీద ఇంతకుముందు ఎవరైనా హిట్ కొట్టి ఉంటే తేనె తీసేవాళ్లకి తప్పకుండా చెప్పండి. మందు పడ్డ తేనె తినకూడదు, వాళ్లు దాన్ని ఇంకో వీధిలో అమ్మనూకూడదు. మంచి తేనె అయినా ఏడాది లోపు పాపలకి నాకించకండి. ఏ తేనెలోనైనా ఉండగల ఒక బాక్టీరియా వల్ల వాళ్లకి నరాలు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది.

కుడితే

తేనెటీగ ముల్లు ఒంట్లోనే ఉండిపోతుంది, దాని విషపు సంచి ఇంకా పంపు చేస్తూనే ఉంటుంది. గోరుతో గీకుతారా, వేళ్లతో లాగుతారా అని ఆలోచించే టైమ్ లేదు, ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. ముల్లు దిగినచోట పండిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. అది మిగతా ఈగల్ని పిలిచే సంకేతం. అందుకే చేతులు విసరకుండా, కొంగో కండువాయో మొహానికి కప్పుకుని తలుపున్న గదిలోకి పరుగెత్తండి. చెరువులోకో బావిలోకో దూకొద్దు, అవి పైన తిరుగుతూనే ఉంటాయి. కందిరీగకి ముల్లు ఊడదు, ఒకటే పదిసార్లు కుట్టగలదు.

సున్నం రాయడం, ఇనుప తాళంచెవి రుద్దడం మన ఇళ్లల్లో మామూలే. వాటితో విషం విరగదు. సబ్బుతో కడిగి ఐసు పెట్టి, సెట్రిజిన్ వేసుకోండి. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, నాలుక వాపు, గొంతు బిగుసుకోవడం, ఊపిరాడకపోవడం, వాంతి, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేయండి. అక్కడ ముందు పడాల్సింది తొడ కండరానికి అడ్రినలిన్ ఇంజెక్షన్, మాత్ర కాదు. పదులకొద్దీ కుడితే మనిషి బాగానే ఉన్నట్టు కనబడినా ఆస్పత్రిలో ఉంచాలి. విషం కండరాల్నీ రక్తకణాల్నీ దెబ్బతీసి, కిడ్నీల మీద ప్రభావం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడవచ్చు. మూత్రం కాఫీ రంగులోకి మారితే ఆలస్యం చేయొద్దు. ఇంట్లో ఎవరికైనా గతంలో ఒక్క కాటుకే ఇలా అయ్యి ఉంటే, పైన చెప్పిన చిన్న కందిరీగ గూడు కూడా వాళ్లు తీయకూడదు. ఆ సమయంలో వాళ్లు ఇంట్లో కూడా ఉండకపోతే మంచిది.

తీసేశాక

పట్టు ఊడిన చోట మైనం మరక మిగులుతుంది. దాన్ని గరిటెతో గీకి, వేడి సబ్బునీళ్లతో రుద్ది, ఆరాక పెయింట్ వేయండి. పావురాల వల కట్టేశాం కదా అనుకోవద్దు, ఈగ దాంట్లోంచి దర్జాగా వెళ్తుంది. సన్నటి దోమల మెష్ అయితేనే ఆగుతుంది. ఏసీ పైపు గోడలోకి వెళ్లే రంధ్రం, వాడని పీవీసీ పైపు మూతి, మీటర్ బాక్స్ తలుపు ఖాళీ, ఇవి మూయండి. కందిరీగ గూడు తీసిన సన్‌షేడ్ కింద వారానికోసారి పొడవాటి బూజు కర్ర తిప్పితే, కొత్తగా కాడ పెట్టిన గూడు అప్పుడే పోతుంది. అయితే తిప్పేముందు తలెత్తి ఒకసారి చూసుకోండి.